దిగనని చెప్పడం నేర్చుకోవడానికి పంజాగుట్ట దాకా

ఈ ప్రయాణం నేను కోరి పెట్టుకున్నది కాదు. మూడు వారాల క్రితం మా ఫ్లయింగ్ స్కూల్లో, దిగడానికి రన్‌వే వైపు ఆఖరి మలుపు తిప్పుతుండగా విమానం నా చేతుల్లోంచి జారబోయింది. పక్క సీట్లోని ఇన్‌స్ట్రక్టర్ కంట్రోల్స్ లాక్కున్నారు కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. ఆ రోజు నుంచి నన్ను విమానం ఎక్కనివ్వలేదు. చివరికి, హైదరాబాద్ పంజాగుట్టలో ఒక రిటైర్డ్ కెప్టెన్ గారు ఇంట్లోనే సిమ్యులేటర్ మీద నేర్పుతారనీ, ఆయన సంతకం పెడితే సరేననీ, లేకపోతే కోర్సు మానుకోమనీ చెప్పారు. మానుకోమన్న మాటకి ఒళ్ళు మండింది. మర్నాటికే టికెట్ తీశాను.

పొద్దున్న ఆరు గంటలకు విజయవాడలో రైలెక్కాను. పక్క సీటులో ఒక పెద్దావిడ, మోకాళ్ళు చూపించుకోవడానికి పంజాగుట్ట ఆసుపత్రికి వెళ్తున్నారు. ఖమ్మం దాటాక పులిహోర డబ్బా తెరిచి సగం నాకు పెట్టారు.

"ఏం చదువుతున్నావమ్మా?"

"విమానం నడపడం నేర్చుకుంటున్నానండి."

"భయం వేయదూ?"

"వేస్తుందండి. దాని సంగతి చూసుకోవడానికే వెళ్తున్నాను."

రైలు ఇరవై నిమిషాలు ఆలస్యంగా పన్నెండింటికి సికింద్రాబాద్ చేరింది. ఈ దారిన వచ్చేవాళ్ళు ఆటోల జోలికి పోకుండా స్టేషన్ ఎదుట మెట్రో ఎక్కడం మంచిది. అమీర్‌పేటలో దిగి, మెట్ల కింద ఉన్న మెస్సులో భోజనం చేశాను. గోంగూర బాగుంది, సాంబారు సంగతి చెప్పకపోవడమే నయం. నా ఎదుట కూర్చున్న కోచింగ్ అమ్మాయి ఇంటర్వ్యూ జవాబులు బట్టీ పడుతూ ముద్ద నోట్లో పెట్టుకోవడం కూడా మరిచిపోయింది. అక్కడి నుంచి పంజాగుట్ట ఒక్క స్టేషనే. ఫ్లైఓవర్ వెనక సందులో, మూడో అంతస్తులో కెప్టెన్ గారి ఫ్లాట్ తలుపు తట్టేసరికి సరిగ్గా రెండు.

"చెప్పులు బయట ఇడిసిరా బిడ్డా. కాళ్ళు ఏం చేస్తున్నయో నీకు తెల్వాలె," అన్నారాయన.

చిన్న గది, మూడు తెరలు, ఏదో పాత విమానం నుంచి తెచ్చిన సీటు, కింద విమానం ముక్కుని పక్కలకి తిప్పే రెండు పెడళ్ళు. ఆయన వెనక నుంచి తోసే గాలి పెట్టి, దిగమన్నారు. మలుపు పూర్తయ్యేసరికి రన్‌వే మధ్య గీతకి సూటిగా రావాల్సింది, దాన్ని దాటి అవతలికి పోయాను. మళ్ళీ గీత మీదికి రావాలన్న ఆత్రంలో ఎడమ కాలు పెడల్‌ని తొక్కేసింది, చెయ్యి ముక్కు పైకెత్తే స్టిక్‌ని వెనక్కి లాగింది. వేగం పడిపోయింది. ఎడమ రెక్క ఉన్నట్టుండి వాలిపోయి, తెరల నిండా నేల గిర్రున తిరిగింది. అంత తక్కువ ఎత్తులో ఇక సరిదిద్దుకోవడానికి చోటుండదు.

"సచ్చిపోయినవ్," అన్నారు కెప్టెన్ గారు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"గీత దాటినంక మల్ల పైకి లేచిపోవచ్చు గద. ఎందుకు లేవలే?"

అప్పుడు, ఇన్‌స్ట్రక్టర్‌కి కూడా చెప్పని మాట చెప్పాను. మా స్కూల్లో ఒక ఆచారం ఉంది. దిగబోయి, దిగకుండా పైకి లేచినవాళ్ళు ఆ సాయంత్రం బ్యాచ్ మొత్తానికీ చాయ్ పోయించాలి. ఒకటే గోల, ఒకటే నవ్వులు. పదకొండు మందిలో నేనొక్కదాన్నే ఆడపిల్లని. ఆ వారం అప్పటికే రెండుసార్లు పోయించాను. మూడోసారి ఆ నవ్వు వినలేక, ఎలాగైనా దిగిపోవాలని మలుపు బిగించాను.

ఆయన కుర్చీ నా పక్కకి లాక్కున్నారు. "మా జమానల సుత ఉండె గీ చాయ్ ముచ్చట. నా దోస్తు ఒకడు గట్లనే పోయిండు. అంతకుముందు దినం వాణ్ణి చూసి నవ్వినోళ్ళల్ల నేను సుత ఉన్న."

ఆ తర్వాత రెండు గంటలు ఒకటే పాఠం. గీత దాటితే రెక్కలు సమానం చెయ్యి, ఇంజన్‌కి పూర్తి పవర్ ఇయ్యి, ముక్కు జర పైకి పెట్టు, లేచిపో. గీతను కాళ్ళతో వెతుక్కోకు. నాలుగున్నరకి, ఇదే పరీక్ష అన్నారు. గాలి ఇంకా పెంచారు. నేను గీత దాటగానే చెవి దగ్గర నస మొదలుపెట్టారు.

"దించు బిడ్డా, జరంతనే ఉంది. నీ దోస్తులు చూస్తుండ్రు. నవ్వుతరు."

"నవ్వనివ్వండి సార్. నేను దిగను."

లేచిపోయాను. మళ్ళీ తిరిగి వచ్చాను, మళ్ళీ దాటాను, మళ్ళీ లేచాను. ఆయన బతిమాలారు, విసుక్కున్నారు, టైమైపోయిందన్నారు. నాలుగుసార్లూ లేచాను. ఆయన తెరలు ఆర్పేసి కాగితం మీద సంతకం పెట్టారు.

"ఒక్కసారి కూడా దిగలేదు కదా సార్?"

"దిగుడు నీకు వస్తది. రానిది గిదే."

ఐదింటికి బయటపడ్డాను. జంక్షన్లో బండ్లన్నీ బిగుసుకుపోయి ఉన్నాయి. మెట్రోలో అమీర్‌పేట మీదుగా సికింద్రాబాద్ చేరి, ఆరున్నర రైలెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. కాజీపేట దగ్గర మా బ్యాచ్ లీడర్ కిరణ్ ఫోన్ చేశాడు.

"సంతకం పెట్టారా ప్రసూనా? అయితే ఎల్లుండి మాకు నీ చాయ్ ఖాయమన్నమాట."

"ఎల్లుండి ఎన్నిసార్లు అవసరమైతే అన్నిసార్లు పైకి లేస్తాను. చాయ్ మాత్రం పోయించను. మీలో ఎవరు లేచినా పోయించనివ్వను. కావాలంటే స్కూల్ మొత్తం నామీద పడండి."

అవతల గది తలుపు వేసిన చప్పుడు వినబడింది.

"నిన్న నేనూ గీత దాటాను," అన్నాడు, గొంతు బాగా తగ్గించి. "లేవలేదు. కాలితో తిప్పేశాను. ఎలాగో దిగాను. ఎవరికీ చెప్పకు."

"నేను చెప్పను. ఎల్లుండి పొద్దున్న అందరి ముందూ నాది నేను చెప్తాను. నీది నువ్వే చెప్పాలి."

సరే అనడానికి వాడికి మహబూబాబాద్ దాకా పట్టింది.