పొడి వల

మా ఆయన విసురు వల భుజాన వేసుకుని వెళుతుంటే కొవ్వూరు గట్టు మీద జనం తిరిగి చూసేవారు. యాభై దాటినా ఛాతీ తలుపు చెక్కలా ఉండేది. పొద్దున్నే బూట్లు తొడుక్కుని వాకింగ్‌కి వచ్చే షావుకార్లను చూసి నవ్వేవాడు. "ఒళ్ళొంచి పనిచేసేవాడికి రోగమేంటే?" అనేవాడు. మా వాళ్ళందరి నమ్మకమూ అదే. నాదీ అదే.

ఆయన పట్టిన చేపలు బజారులో అమ్మేది నేను. మొన్న వానాకాలం వెళ్ళాక, ఒకరోజు బొచ్చె చేప మొప్ప ఎత్తి చూస్తే పాలిపోయి ఉంది. కన్ను లోపలికి పోయింది. అది గోదావరిలో అప్పుడే పడిన చేప కాదు, వ్యానులో వచ్చిన ఐసు చేప. చేపలమ్మే దాని కళ్ళే కప్పుదామనుకున్నాడు, చూశారా! ఇంటికెళ్ళి వల తడిమాను. పొడిగా ఉంది.

"ఏమయ్యా, వల తడవకుండా చేపలెలా పడ్డాయి?"

"ఎండకి ఆరిపోయిందే."

బయట ఎండేదీ, అంతా మబ్బు! తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నాడట.

ఇక నా బుర్ర ఊరుకోలేదు. చేపలు కొని తెచ్చి, ఆ పూటంతా ఎక్కడుంటున్నట్టు? బీడీలు మానేశాడు. ఎవతి కోసమో! గట్టు మెట్లు ఎక్కడం మానేసి సందుల్లోంచి చుట్టూ తిరిగి వస్తున్నాడు. ఆ సందుల్లో ఎవతి ఇల్లుందో! చొక్కా కూడా వాసన చూశాను. చెమట తప్ప ఏమీ లేదు.

మర్నాడు పొద్దున్నే తలమీద కొంగు కప్పుకుని వెనకాలే వెళ్ళాను. రేవులో ఎవరూ లేరు. ఆయన ఒడ్డుకి కట్టి ఉన్న పడవలో నిలబడి వల అంచు పళ్ళతో పట్టుకున్నాడు. విసరడానికి చెయ్యి ఎత్తాడు. సగంలోనే దించేశాడు. ఛాతీ పట్టుకుని కూలబడి, నోరు తెరిచి ఊపిరి లాగుతున్నాడు. దగ్గరికి పరిగెత్తాను.

"ఎన్నాళ్ళ నుంచయ్యా ఇది?"

"వానలప్పటి నుంచి. వాకింగోళ్ళని చూసి నవ్వినోణ్ణి, ఎవరికి చెప్పుకోనే?"

ఆటోలో రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు గారు గుండె పరీక్షలన్నీ చేయించి, "కండబలం చూసి మోసపోయారమ్మా. లోపల రక్తనాళాలు మూసుకుపోయాయి. ఆపరేషన్ చెయ్యాలి" అన్నారు.

మంచం మీద ఆయన నా మొహం చూడలేక గోడ వైపు తిరిగాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"ఎవతో ఉందనుకున్నానయ్యా! ఉన్నా బాగుండేది. జుట్టు పట్టుకుని ఈడ్చి నిన్ను తెచ్చుకునేదాన్ని" అన్నాను.