లడ్డూ మెడలో ఎర్ర టాగ్

పత్రికలో కొత్తగా చేరిన రోజుల్లో, రాసిన మాటకు లోకం తల వంచుతుందని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకాన్ని మొదట వమ్ము చేసింది మా కుక్క లడ్డూ. పేరు పెట్టినప్పుడు అది అరచేతిలో పట్టేది. నాలుగేళ్లకు పేరుకు తగిన ఆకారం వచ్చేసింది. భిలాయిలో మా సెక్టారు క్వార్టర్ల మెట్లు ఎక్కలేక మధ్యలో కూలబడుతుంటే పశువుల డాక్టరుకు చూపించాం. బరువు తగ్గకపోతే వెనక కాళ్లు పడిపోతాయని, ఆపైన ఎత్తుకు తిప్పుకోవలసిందేనని చెప్పాడు. (దాన్ని ఎత్తగల మనిషి మా బ్లాకులో లేడు.)

ఇక రోజూ పొద్దున్నే నడక, కొలిచి పెట్టిన అన్నం. ఆదివారాలు మార్కెట్‌లో పిండిమర భయ్యా దగ్గర, గోధుమ బస్తాలు తూచే కాటా మీద కూర్చోబెట్టేవాణ్ణి. బస్తాలాగే కదలకుండా కూర్చునేది. నెల తిరిగేసరికి నేను తగ్గాను, అది పెరిగింది. విలేకరిని కదా, కూపీ లాగాను. మా బ్లాకులో అందరూ ఉక్కు ప్లాంటువాళ్లే. ఏ షిఫ్టు దిగినవాళ్లు ఆ షిఫ్టు టిఫిన్ డబ్బాలో మిగిలింది లడ్డూకు పెడుతున్నారు, పాపం దానికి తామొక్కరమే దిక్కనుకుని. ప్లాంటులాగే లడ్డూ నోటికీ సెలవు లేదు. వెంటనే ఒక విజ్ఞప్తి రాసి మెట్ల దగ్గర అంటించాను. అందరూ ఆగి చదివారు, భాష బాగుందన్నారు, రొట్టెలు మాత్రం మానలేదు.

మా నాన్న ప్లాంటులో మరమ్మతుల ఫోర్‌మన్. నా విజ్ఞప్తిని కళ్లజోడు పైనుంచి చూసి, "కాగితానికి ఎవుడాగుతాడ్రా? టాగు కట్టాల" అన్నారు. అక్కడ మరమ్మతులో ఉన్న యంత్రం స్విచ్చుకు ఎర్ర టాగ్ కడతారు. దాని మీద సంతకం చేసినవాడే వచ్చి విప్పాలి. అప్పటిదాకా ఎంత పెద్ద ఆఫీసరైనా ఆ స్విచ్చు ముట్టుకోడు, లోపల మనిషి ఉండవచ్చు గనక. అలాంటిదే ఒకటి అట్టముక్కతో చేసి, సంతకం పెట్టి లడ్డూ మెడకు కట్టారు. నేను లోలోపల నవ్వుకున్నాను.

ఆ సాయంత్రం ఎదురింటి అత్త ఎప్పటిలాగే కోడిముక్క పట్టుకుని వంగింది. టాగ్ చూడగానే ఆమె చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"ఏటత్తా, ఆగిపోనావు?" అన్నాను.

"నాను పెట్టనురా బాబూ. మీ మావ కన్వేయర్ బెల్టు బాగుసేస్తూ లోపలున్నప్పుడు ఎవుడో స్విచ్చు మీద సెయ్యేసి, టాగు సూసి తీసేసినాడు. అందుకే ఆ మడిసి ఇంటికొచ్చినాడు."

ముక్కను మళ్లీ గిన్నెలో వేసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత షిఫ్టు వెంట షిఫ్టు వచ్చి, టాగ్ చూసి డబ్బా మూసుకుంది. (సంతకం పెట్టిన మనిషి భార్యకు మినహాయింపు ఉంటుందని మా అమ్మ వాదించింది. ఉండదని తేలింది.)

ఎండలు ముదిరేలోగా లడ్డూకు నడుము కనిపించింది. ఒక ఆదివారం కాటా ముల్లు డాక్టరు చెప్పిన అంకె దగ్గర ఆగితే, భయ్యా మర ఆపి మరీ వచ్చి చూశాడు. ఇంటికొచ్చాక అది ఒక్క ఊపున మెట్లన్నీ ఎక్కి, పైన నిలబడి, వెనక రొప్పుతూ వస్తున్న మా అందరి వైపు తిరిగి చూసింది. నాన్న వంగి టాగ్ విప్పారు. అత్త కోడిముక్క పెట్టింది, ఒకటే. నా పేరుతో అచ్చయిన ఏ వార్తకూ నేనంత గర్వపడలేదు, అందులో నా గొప్ప ఏమీ లేకపోయినా.

లడ్డూ ఇప్పుడు లేదు. ఉన్నన్నాళ్లూ తన కాళ్ల మీదే మెట్లెక్కింది. నాన్న రిటైరయ్యారు, నా పొట్ట మాత్రం డ్యూటీ ఎక్కింది. మొన్న డాక్టరు నాతోనూ బరువు మాటే అన్నాడు. తెల్లారేసరికి మా ఫ్రిజ్ పిడికి ఆ పాత టాగ్ వేలాడుతోంది. కొత్త సంతకం కాస్త వణికింది గానీ, నాన్నదే. ఎవరూ లేరు కదా అని చెయ్యి చాచాను. ఈసారి లోపలున్న మనిషి నేనేనని గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను.