మా అక్క కొన్న మూడు టిక్కెట్లు

మా బావ కో జిన్‌షెంగ్‌కి యువాన్‌లిన్‌లో స్కూటర్లు బాగుచేసే కొట్టు ఉంది. అరవై దాటాడు. పక్క వీధిలో సోయాపాలు తెచ్చుకోవడానికి కూడా స్కూటరెక్కే మనిషి. నడవమంటే మోకాళ్ళు చూపిస్తాడు. అలాంటివాడు తైవాన్ దీవి మొత్తాన్ని సైకిలు మీద చుట్టి వస్తానన్నాడంటే దానికి కారణం భక్తీ కాదు, ఆరోగ్యమూ కాదు. ఎన్నికలు.

మా పేటకి నాలుగేళ్ళకోసారి ఓట్లేసి ఒక పెద్దని ఎన్నుకుంటాం. వీధి దీపం వెలగకపోయినా, కుక్క కరిచినా ఆ పెద్ద దగ్గరికే పోవాలి. బావ రెండుసార్లు నిలబడి, రెండుసార్లూ లాండ్రీ మేయ్‌హుయ్ చేతిలో చిత్తుగా ఓడాడు. వయసొచ్చినప్పటి నుంచీ పేటంతా ఆయన్ని "ఏయ్ స్కూటరూ" అనే పిలుస్తుంది. చచ్చేలోగా ఒక్కసారి "పెద్దగారూ" అనిపించుకోవాలని ఆయన ఆశ. నాలుగు గుక్కలు బీరు పడితే చాలు, నా భుజం పట్టుకుని అదే మాట.

మా దీవిలో మనిషై పుట్టాక ఒక్కసారైనా సైకిలు మీద దీవి చుట్టాలంటారు. చుట్టినవాళ్ళ ఇళ్ళలో, పూర్వీకుల పటాల పక్కనే, సైకిలెత్తి పట్టుకున్న ఫోటో ఒకటి వేలాడుతుంటుంది. బావ ఇంట్లో ఆ మేకు ఖాళీ. అందుకని ఈసారి మాజు అమ్మవారి గుడి ముందు మైకు పట్టుకుని, "అమ్మా, పేట మేలు కోరి దీవి చుట్టి వస్తాను. దారిలో పెట్రోలు బండి ఎక్కితే నా మీదొట్టు" అని గట్టిగా ప్రకటించాడు. అమ్మవారికి చెవుడు లేదు. మైకు పేట కోసం.

టపాకాయల మధ్య బయలుదేరాడు. ఒంటికి అతుక్కునే పచ్చ బనీను, దాని మీద ఆయన ముఖం అచ్చు. పొట్ట మీద ఆ ముఖం సాగిపోయి గుమ్మడికాయలా ఉంది. వెనక నా చిన్న ట్రక్కులో నేనూ, మా అక్క బీయున్, ఒక పెట్టెడు నొప్పి మందులు.

మా దగ్గర సైకిలుకి సామాను కట్టుకుని పోయేవాడు కనపడితే, లారీ డ్రైవర్ల నుంచి బడిపిల్లల దాకా అందరూ "చమురు పొయ్!" అని అరుస్తారు. ఆగకు, కానియ్ అని దానర్థం. బావ మాత్రం ఆ కేక వినపడ్డ ప్రతిచోటా ఆగాడు. దిగి, నడుం వంచి దండం పెట్టి, తనకి ఒక్క ఓటు కూడా లేని ఊళ్ళలో కరపత్రాలు పంచాడు. పగలూ రాత్రీ తెరిచుండే కొట్టు ఎదురైతే చాలు, టీలో ఉడికించిన గుడ్డు ఒకటి మింగందే కదల్లేదు. దక్షిణాన షౌఖా కనుమ ఎక్కేటప్పుడు సైకిలు ఆయన్ని మొయ్యలేదు, ఆయనే సైకిల్ని తోశాడు. పైన బోర్డు కనపడగానే ఎక్కి కూర్చున్నాడు.

"ఒరే ఆషుయ్, తియ్యరా ఫోటో. చెమట కనపడాలి."

"చెమటకేం బావా, బోలెడుంది. ఊపిరే కనపడ్డం లేదు."

తూర్పు తీరం పొడుగునా ఎదురుగాలి. రోజూ సాయంత్రం మా అక్క ఆయన పిరుదులకి మందు రాస్తూ, "కుర్చీ కోసం తిరుగుతున్నావు గానీ, కూర్చోడానికే పనికిరాకుండా పోతున్నావయ్యా" అనేది.

హువాలియెన్ దాటాక అసలు సంగతి మొదలైంది. అక్కడ కొండ నిలువునా సముద్రంలోకి దిగుతుంది. రోడ్డు దాని నడుముని పట్టుకుని వేలాడుతుంటుంది. సొరంగాల్లో రాళ్ళ లారీలు. బావ మొదటి సొరంగంలోకి వెళ్ళాడు. లోపల ఒక లారీ ఆయన మోచేతిని రాసుకుంటూ పోయిందట. గోడ పట్టుకుని, సైకిలు నడిపించుకుంటూ వెనక్కి బయటపడ్డాడు. దారంతా ఎగతాళి చేసిన నాకు ఆ క్షణం ఆయన్ని చూస్తే జాలేసింది. ఆ జాలి ఎక్కువసేపు నిలవనివ్వలేదు మహానుభావుడు.

"ఆషుయ్, రైలు దేంతో నడుస్తుందిరా?"

"కరెంటుతో."

"చూశావా! నేను ఒట్టేసింది పెట్రోలు బండి మీద."

"ఆ లెక్కన నా ట్రక్కు డీజిల్‌ది బావా. ఎక్కు మరి."

"నీ ట్రక్కయితే జనం చూస్తార్రా, తిక్క సన్నాసీ!"

మా అక్క స్టేషన్లో మూడు టిక్కెట్లు కొంది. బావకొకటి, తనకొకటి, సైకిలుకొకటి. నేను ట్రక్కులో రోడ్డున వెళ్ళాను. రైల్లో ఉండగా పక్కింటి సూమేయ్ ఫోన్ చేసింది. పేటలో మేయ్‌హుయ్ ఇల్లిల్లూ తిరుగుతోందనీ, మీరేం చేస్తున్నారనీ అడిగింది. రైలు చప్పుడులో మా అక్క ఒక్క మాట చెప్పింది: "పియావ్ కొనేశాంలే. ఎవ్వరితోనూ అనకు."

మా భాషలో టిక్కెట్టునీ ఓటునీ ఒకే మాటతో పిలుస్తాం. పియావ్. స్టేషన్లో కొంటే ప్రయాణం, ఎన్నికల ముందు కొంటే జైలు. మా అక్క చెప్పింది మొదటిది. సూమేయ్ విన్నది రెండోది. ఎవ్వరితోనూ అనొద్దన్నారు కాబట్టి పేటంతా చెప్పింది.

ఇదేమీ తెలియని బావ కొండల అవతల సువావ్‌లో రైలు దిగి, తైపే వానలో తడిసి, తుమ్ముకుంటూ యువాన్‌లిన్ చేరాడు. గుడి దగ్గర జనాన్ని చూసి మా ముగ్గురికీ మతిపోయింది. బయలుదేరినప్పుడు వచ్చినవాళ్ళకి నాలుగింతలు. డోళ్ళు, అదృష్టమని తెచ్చిన అనాసపళ్ళు, బుగ్గలు గిల్లే ముసలమ్మలు. "పెద్దగారూ, అలిసిపోయుంటారు, కూర్చోండి" అని కుర్చీ వేశారు. కూర్చోలేక బావ నిలబడే ఏడ్చాడు.

ఆ తర్వాత ఇంటికి వరస కట్టారు. చేపల వ్యాపారి వచ్చి టీ తాగి, "మా ఇంట్లో అయిదుగురం, పెద్దగారూ. అందరం మీ మనుషులమే" అని చాలాసేపు బావ చేతుల వంక చూసి వెళ్ళాడు. ముందెన్నడూ పలకరించని దర్జీ, తన తల్లికి కూడా ఓటుందని గుర్తుచేశాడు. కొనేవాడికే గెలిచే సత్తా ఉంటుందని వాళ్ళ లెక్క. సంగతేమిటో నాకు అర్థమయ్యాక బావకి చెప్పాను. ఆయన "ఎల్లుండి చెబుదాంలేరా" అన్నాడు. పెద్దగారూ అనిపించుకోవడం అంత తియ్యగా ఉంది మరి.

ఎల్లుండి రానే రాలేదు. మర్నాడు పొద్దున్నే ఇద్దరు విచారణాధికారులు వచ్చి మా అక్కని కారెక్కమన్నారు. ఓట్లు కొన్నట్టు ఫోన్లో ఒప్పుకుంది ఆవిడే కదా. అక్క ఒక్క మాట చెబితే బయటపడేది. చెప్పలేదు. మొగుడి వంక చూసి, జోడు తొడుక్కుని గుమ్మం దిగింది.

బావ వట్టికాళ్ళతో పరుగెత్తాడు. ఆయన పరుగెత్తడం నేను చూడ్డం అదే మొదలు. కారు ముందు నిలబడి, "ఆగండి సార్, అది రైలు టిక్కెట్టు!" అని అరిచాడు. అధికారులు నమ్మలేదు. ఆయన జేబులోంచి తడిసి ఆరిన మూడు టిక్కెట్లు తీసి వాళ్ళ చేతుల్లో పెట్టాడు. వాళ్ళు చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, నవ్వాపుకుంటూ వెళ్ళిపోయారు.

బావ అక్కడితో ఆగితే బాగుండేది. వీధంతా గుమిగూడింది కదా అని మనసు విప్పేశాడు. "నాకు భయమేసిందయ్యా. ఆ సొరంగంలో ఉచ్చ పడినంత పనైంది. రైలెక్కాను. అబద్ధమాడాను. రైల్లో ఆ సైకిళ్ళ పెట్టెలో నిలబడ్డప్పుడు చూశాను, గోడ మీద మన ఊరివాళ్ళ పేర్లు ఎన్ని గీకి ఉన్నాయో!"

ఇంట్లో సైకిలు ఫోటోలు వేలాడుతున్నవాళ్ళందరూ ఒక్కసారిగా తమ చెప్పుల వంక చూసుకున్నారు. ఓట్లు కొన్నవాణ్ణి క్షమించగలిగిన పేట ఆ మాటని మాత్రం క్షమించలేదు. చేపల వ్యాపారి అందరికంటే ముందు నోరు తెరిచాడు.

"అయితే కొనలేదన్నమాట. మరి ఇన్నాళ్ళూ మా చేత టీలెందుకు తాగించావ్, స్కూటరూ?"

ఓట్ల లెక్కింపు బడి గదిలో. మా దగ్గర ఒక్కొక్క చీటీ ఎత్తి చూపించి, పేరు పైకి చదివి, "ఒక పియావ్!" అని అరుస్తారు. జనం కిటికీల దగ్గర నిలబడి వింటారు. మేయ్‌హుయ్ ఒక పియావ్. మేయ్‌హుయ్ ఒక పియావ్. బావ గోడకి ఆనుకుని, అలవాటు కొద్దీ ప్రతి చీటీకీ మెడ సాచి చూస్తున్నాడు. చాలాసేపటికి, "కో జిన్‌షెంగ్, ఒక పియావ్!" అన్నారు. వెంటనే వెనక నుంచి ఎవరో రైలు కూత కూశారు. కిటికీలన్నీ నవ్వాయి. మా బావ తల దించుకున్నాడు. నా జన్మలో మొదటిసారి ఆయన్ని చూసి నాకు నవ్వు రాలేదు, నవ్వేవాళ్ళ మీద ఒళ్ళు మండింది.

మా అక్క లేచి నిలబడి కూత వచ్చిన వైపు తిరిగింది.

"అది నేను కొన్నది కాదురా. నేను వేసింది."