జంతికల కవర్లో గ్రీన్ కార్డు

మేం లావోస్ వెళ్తున్నామని చెబితే, అమెరికాలో మేముండే పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్స్ వాళ్ళలో సగం మంది లాస్ వేగాస్ అనుకున్నారు. మిగతా సగం మంది పేరు రెండుసార్లు చెప్పించుకుని, "అక్కడ చూడ్డానికేముంది?" అన్నారు. "ఏమీ లేదట, అందుకే వెళ్తున్నాం" అన్నాను. మా ఆవిడ ఆ దేశాన్ని ఎంచుకున్నది నిజంగా అందుకే. ఆమెది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పొద్దస్తమానం మీటింగులు. నేనేమో ఎనిమిదో తరగతిలోనే బడి మానేసి, ఆమె వెనకాల డిపెండెంట్ వీసా మీద వచ్చి, ఇక్కడొక తెలుగు హోటల్లో పిండివంటలు చేసేవాణ్ణి. ఇంట్లో ఉన్నంతసేపూ మాట్లాడుతూనే ఉంటాను. ఎవరూ గట్టిగా మాట్లాడని దేశానికి పోదామని ఆమె అన్నప్పుడు, అందులో నా మీద విసుగు పాలెంతో నేను అడగలేదు.

ఆమెకి అమెరికా పౌరసత్వం వచ్చేసింది. నాది ఇంకా గ్రీన్ కార్డే. అది పోతే తిరుగు విమానం ఎక్కనివ్వరని బయల్దేరేముందు వారం రోజులు చెప్పింది. దొంగ అన్నవాడు పర్సు చూస్తాడు, పాస్‌పోర్టు సంచీ చూస్తాడు. జంతికల్లో వెతికే దొంగ ఇంకా పుట్టలేదు. అందుకని కార్డును చిన్న జిప్‌లాక్‌లో పెట్టి, దాన్ని నేను స్వయంగా వండిన జంతికల జిప్‌లాక్ అడుగున దాచాను. రహస్యమన్నాక రహస్యమే కదా, మా ఆవిడకి కూడా చెప్పలేదు.

లువాంగ్ ప్రబాంగ్ అనే ఊళ్ళో నాలుగు రోజులున్నాం. హారన్ కొట్టేవాడు లేడు. మధ్యాహ్నం కొట్లవాళ్ళు సరుకు పక్కనే చాప వేసుకుని పడుకునేవారు. లేపి కొనాలంటే మనకే మొహమాటం. దేశం పేరులోనే లావు గానీ మనుషులంతా సన్నగా ఉన్నారే అంటే మా ఆవిడ నవ్వలేదు. ఆ జోకు విమానంలోనే రెండుసార్లు అయిపోయింది.

చివరి రోజు తెల్లవారుజామున సన్యాసులు వీధిలో భిక్షకి వస్తారని, మేమూ పెడతామని కూర్చున్నాం. గెస్ట్‌హౌస్ నడిపే పెద్దావిడ ఒక చాప, వెదురు బుట్టల్లో వేడి వేడి జిగురన్నం ఇచ్చి, వచ్చీరాని ఇంగ్లీషులో రెండు షరతులు పెట్టింది: చెప్పులు విప్పాలి, మాట్లాడకూడదు. రెండోది నన్ను చూస్తూ చెప్పింది.

కాషాయం కట్టుకుని, ఉత్తికాళ్ళతో వరసగా వచ్చారు. ఒక్కో గిన్నెలో చిటికెడు అన్నం పెడితే చాలట. మా ఆవిడ ముద్దలు పెట్టింది. వరస ఇంకా ఉండగానే బుట్టలు రెండూ ఖాళీ. ఎదుట నిలబడ్డ ముసలాయన్ని ఉత్త చేతులతో పంపలేక, నా సంచీలో చెయ్యి పెట్టి, జంతికల కవరు తీసి ఆయన గిన్నెలో వేసేసింది.

నోరు తెరిచాను. అటూ ఇటూ ఊరివాళ్ళు మోకాళ్ళ మీద వంగి దణ్ణం పెడుతున్నారు. మూసేశాను. నా నోరు దానంతటది మూతపడటం నాకు తెలిసి అదే మొదలు. ఆయన ఎడమ చెవి పైన మడతపడి ఉంది. అదొక్కటీ గుర్తు పెట్టుకున్నాను.

వరస సందు తిరిగాక చెప్పాను.

"జంతికల్లోనా?" అంది.

"అడుగున."

"గ్రీన్ కార్డ్‌ని స్నాక్స్‌లో దాచుకునే మనిషిని మిమ్మల్నే చూశాను."

"దొంగలొస్తారని దాచానే. నువ్వు దానం చేస్తావని నాకేం తెలుసు?"

"రేపు ఫ్లైట్ అండీ. మండే ఆఫీసులో నాకు సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. నేను వెళ్ళిపోవాలి. మిమ్మల్ని బోర్డ్ చేయనివ్వరు. ఎంబసీ చుట్టూ ఎన్నాళ్ళు తిరగాలో ఏంటో."

"వెళ్ళి అడుగుదాం పద."

"ఇచ్చింది వెనక్కి అడుగుతామా?" అంది.

"జంతికలు ఆయన్నే ఉంచుకోమందాం. నా ఫొటో ఒక్కటీ ఇమ్మందాం."

గెస్ట్‌హౌస్ ఆవిడకి చెబితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చప్పుడు లేకుండా నవ్వింది. "బో పెన్ న్యాంగ్" అంది. ఫర్వాలేదు అని అర్థం. పడవ రెండు గంటలు ఆలస్యమైనా ఆ ఊళ్ళో అదే మాట, స్నానాల గదిలో వేణ్ణీళ్ళు రాకపోయినా అదే మాట. ఆ పూట మాత్రం నాకది ఒంటికి పట్టలేదు. ఆవిడే మమ్మల్ని గుడికి తీసుకెళ్ళింది.

సన్యాసులు వరండాలో కూర్చుని తింటున్నారు. అందరి అన్నం ఒకే పళ్ళెంలో కలిపారు. మడత చెవి పెద్దాయన జంతిక నములుతున్నాడు. ఆయన ముందు నీళ్ళ గ్లాసుకి ఆనించి, ముఖం ఇటు తిప్పి, నా గ్రీన్ కార్డు.

అది కనబడగానే మెట్ల మీంచే వేలు పెట్టి చూపించాను. ఆయన కార్డు చూశాడు, నన్ను చూశాడు, ముక్కు కింద వేలు పెట్టి ఏదో అడిగాడు.

"మీసం ఏమైందంటున్నారు" అంది గెస్ట్‌హౌస్ ఆవిడ.

"మా ఆవిడ తీయించేసిందని చెప్పండి."

చెప్పింది. వరండా అంతా మెల్లిగా నవ్వింది. పెద్దాయన కార్డును అంగవస్త్రం అంచుతో తుడిచి నా చేతిలో పెట్టాడు. ఇచ్చింది వెనక్కి అడిగితే తప్పేమో కనుక్కోమంది మా ఆవిడ. ఆయన జవాబు గెస్ట్‌హౌస్ ఆవిడ చెప్పింది: "భిక్ష అంటే తినేది. తినలేనిది ఉంచుకుని నేనేం చేసుకోను?"

ఆ తర్వాత కవరు పక్కాయనకి అందించాడు. ఆయన ఆ పక్కాయనకి. ఆ దేశంలో నాలుగు రోజుల్లో నేను విన్న పెద్ద చప్పుడు నా జంతికలదే.

నెవార్క్‌లో దిగాక ఇమిగ్రేషన్ ఆఫీసరు కార్డు అటూ ఇటూ తిప్పి, జిడ్డు తగిలిందేమో వేళ్ళు రుద్దుకుని, వాసన చూశాడు. వాము వాసన ఓ పట్టాన పోదు.

"ఫుడ్ ఏమైనా తెచ్చారా?" అన్నాడు.

"లేదండీ, అక్కడే ఇచ్చేశాం." మిగతా కథంతా నాలిక చివరిదాకా వచ్చింది. పక్కన మా ఆవిడ నా కాలు తొక్కింది. వెల్‌కమ్ హోమ్ అని కార్డు ఇచ్చేశాడు.

కారు ఆమే నడిపింది. 287 హైవే ఎక్కాక, అక్కడివాళ్ళు పేరుకే లావు అని మళ్ళీ అన్నాను. ఈసారి ఎంత నవ్విందంటే, మా ఎగ్జిట్ దాటిపోయింది.