అడివి తెర మూలన నా పేరు

పోయిన నెల కర్నూలులో పాత నాటకాల సామాను ఏదో ప్రదర్శనకు పెట్టారని తెలిసి, మోకాళ్ళ నొప్పులే తల్లీ నన్ను వదిలెయ్యమని ఎంత మొత్తుకున్నా వినకుండా, నా మనవరాలు నన్ను ఆటో ఎక్కించి తీసుకుపోయింది. రేకు కిరీటాలు, జరీ వెలిసిపోయిన వెల్వెట్ చొక్కాలు, మెట్లు ఊడిన హార్మోనియం, గ్యాసు లైటు, వీటి మధ్య కర్ర ఊనుకుంటూ నడుస్తూ ఒక గోడ దగ్గరికి వచ్చేసరికి నా కాళ్ళు కదలనన్నాయి. గోడకు ఒక అడివి తెర వేలాడుతోంది. రాజు వేటకు పోయినప్పుడు, రాణి దారితప్పి ఏడ్చేటప్పుడు వెనక దించే తెర ఏమిటో మన కాలం వాళ్ళకు నేను చెప్పనక్కర లేదు. పక్కనే ఒక అట్టముక్క మీద అచ్చు వేసి ఉంది: అడవి తెర, అక్కడక్కడ మరకలు ఉన్నవి, చిత్రకారుడు తెలియదు.

తెలియదట! నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే కోపమైపోయింది. ఆ తెర వేసింది నేను. అందులో ఉన్న ప్రతి రాతిగుండూ, ప్రతి మోడూ ఈ చేత్తో దిద్దినవే. కింద కుడివైపు మూలన నా పేరు రాసుకోవడానికి ఊరికి ఊరే ఎదురైతే నిలబడినదాన్ని, ఇప్పుడు చూస్తే ఆ మూలే లేదు. చెదలు తిన్న అంచును కత్తిరించేసి కొత్త గుడ్డ అతికి కుట్టారు, నా పేరు ఆ అంచుతో పాటే పోయింది. మనవరాలు నా మొహం చూసి భయపడి నీళ్ళ సీసా తీసింది. నాకు కావలసింది నీళ్ళు కాదు. ఏం కావాలని అడిగానో తర్వాత చెబుతాను, ముందు ఆ తెర సంగతి వినండి.

మాది బనగానపల్లె దగ్గర పల్లె. నాకు బొమ్మల పిచ్చి పట్టించినవాడు కడపలో ఉండే మా మేనమామ, నాటకాల తెరలు వేయడం ఆయన వృత్తి. వేసవిలో వాళ్ళింటికి పోతే ఆడపిల్లలందరూ నీడన కూచుని వామనగుంటలు ఆడుకుంటుంటే నేను మాత్రం ఆయన వెనకాలే తిరుగుతూ, ముతక గుడ్డకు చింతగింజల గంజి పట్టించడం, వజ్రం కరగబెట్టి రంగు పొడులు కలపడం నేర్చుకున్నాను. వజ్రమంటే మళ్ళీ మన మెడలో పెట్టుకునేది అనుకునేరు, వడ్రంగులు వాడే బంక, అది ఉడికేటప్పుడు వచ్చే కంపుకు మా మేనత్త ముక్కున చెంగు కట్టుకుని ఇద్దరినీ కలిపి తిట్టేది. మా మామ ఎన్ని అడివి తెరలు వేసినా మధ్యలో ఒక చెరువు, చెరువులో తామరపూలు, రెండు హంసలు, గట్టున టెంకాయ చెట్టు ఉండాల్సిందే. అడివిలో టెంకాయ చెట్టేమిటి మామా అంటే, గుక్కెడు నీళ్ళకు మైలు దూరం నడిచే జనం, తెర మీదనన్నా నిండు చెరువు చూసుకోనీలే అనేవాడు. ఆయన మాట తీసిపారేసేది కాదు. కానీ నాకెందుకో, చూడని చెరువును గీయడం కంటే చూస్తున్న కొండను గీయాలని అప్పటినుంచే ఉండేది.

పెళ్ళయి నేను కాపురానికి పోయింది నల్లమలలో ఒక కొండ మీది ఊరికి. ఊరి పేరు చెప్పను, నేను చెప్పబోయే పెద్దమనిషి మనవలు ఇంకా అక్కడే ఉన్నారు. బస్సు కొండ కిందనే ఆగిపోయేది, అక్కణ్ణుంచి ఎద్దులబండి, బండి కూడా ఎక్కలేని చోట మన కాళ్ళే. మా ఆయన ఆ ఊరి బడిలో అయ్యవారు. మంచి మనిషి, నోట్లో నాలుక లేని మనిషి, ఎవరు గట్టిగా దగ్గినా అది తననేనేమో అనుకునే రకం. ఇంట్లో మా అత్త ఉండేది, ఆమె దగ్గితే ఊరే అటు తిరిగి చూసేది.

కొత్తలో నేను ఊరికే ఉండలేక ఇంటి ముందరి నాపరాళ్ళ మీద సుద్దతో నెమళ్ళు వేశాను, బడి గోడ మీద ఎర్రమట్టి జాజుతో జిల్లా పటం వేశాను. ఒక ఏడాది పీర్ల పండగకు పులి వేషాలు దిద్దే మనిషి జ్వరమొచ్చి పడుకుంటే, పక్కింటి సాయెబు భార్య వచ్చి నా చేతులు పట్టుకుంది, వాళ్ళాయన మొక్కుకున్న వేషం తప్పిపోతుందని. నేను గిన్నె తీసుకుని పోయి ఆ మనిషి వీపున పులి చారలు దిద్దాను. ఇంకేముంది! అయ్యవారి పెళ్ళాం మగవాడి వీపు మీద కుంచె పెట్టిందని ఊరంతా గుప్పుమంది. ఊరి పెద్దాయన మా ఇంటిముందుకే వచ్చి నిలబడి ఇదేం పనని అడిగాడు. మా అత్త చేటలో రాళ్ళేరుకుంటూ తల కూడా ఎత్తకుండా, "చేతికి రంగంటితే కడుక్కుంటే పోతాది. దానికింత రచ్చేందప్పా?" అనేసింది. ఆ రోజునుంచి మా అత్తంటే నాకు ప్రాణం.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన తర్వాతి శివరాత్రి అది. ఆ ఊళ్ళో శివరాత్రికి నాటకం ఆడడం తరాలుగా వస్తున్న ఆనవాయితీ. తీరా చూస్తే పెట్టెలో అడివి తెరను ఎలుకలు జల్లెడ చేశాయి. కర్నూలు పెయింటరుకు కబురు పెడితే, డేరాల్లో ఆఫీసులు నడుస్తున్న రోజులు కదా, ఆ ఆఫీసులన్నిటికీ బోర్డులు రాయడానికే నాకు చేతులు చాలడం లేదు, మీ కొండెక్కేదెవరని చెప్పి పంపించాడు. అప్పుడు గుర్తొచ్చాను నేను. పెద్దాయన మా ఆయన్ను పిలిపించి, గుడ్డా రంగులూ తానిస్తానని, తెర నెత్తిన తన తండ్రిగారి పేరు పెద్దక్షరాలతో రాయాలని, మామూలుగా పెయింటరు పేరు రాసుకునే కింది మూలన మాత్రం ఏమీ రాయకూడదని చెప్పాడట. ఆడమనిషి పేరు నలుగురు తాగుబోతులు చదువుతారు, మీకే మర్యాద కాదు అన్నాడట. ఎంత దయో చూడండి నా మర్యాద మీద!

మా ఆయన ఇంటికొచ్చి గోడకేసి చూస్తూ చెప్పాడు. పేరు లేకపోతే తెరా లేదు అన్నాను. పోనీ నా పేరు రాయి, ఇంట్లో పేరేగా అన్నాడు పాపం. కుంచె మీరు పట్టుకుంటారా అని అడిగాను. మేనమామ వేసిన ప్రతి తెర మూలనా ఆయన పేరు, ఊరు చూస్తూ పెరిగినదాన్ని నేను. ఆ రెండు ముక్కల కోసమే మనిషి నెలల తరబడి నడుము వంచుతాడని నాకు తెలుసు. రాత్రంతా ఆలోచించి, తెల్లారి సరే వేస్తానన్నాను. పేరు సంగతి మాత్రం ఎత్తలేదు, రాయనని నేను ఎవరికీ మాట ఇవ్వలేదు.

మా అత్త గుడ్డలన్నీ జతచేసి కుట్టింది. రంగుల కోసం ఇద్దరమూ కొండెక్కేవాళ్ళం, ఎర్రరాయి ఒకచోట, పసుపు మట్టి ఒకచోట దొరికేవి. ఒకరోజు వాగు మలుపులో ఎలుగుబంటి ఎదురైంది. నేను కొయ్యబారిపోయాను. మా అత్త రంగు డబ్బా మీద రాయితో వాయిస్తూ, అప్పు ఎగ్గొట్టినవాణ్ణి నిలదీసినట్టు దాన్ని నోటికొచ్చినట్టు తిట్టింది, అది విసుక్కుంటూ వెళ్ళిపోయింది. ఆ పక్కనే కొండమ్మ గుండు. ఒంటరిగా నిలబడిన పెద్ద బండ, దానికే పసుపు పూసి ఊరంతా అమ్మవారని మొక్కేవాళ్ళు. మాఘమాసపు ఎండలో ఆకు రాల్చిన చెట్లు, ఎర్రటి నేల, ఆ మోళ్ళ మధ్య ఒక్క మోదుగ చెట్టు నిలువునా పూసి మండుతోంది. నేను వేయాల్సిన అడివి ఇదే కదా అనుకున్నాను. చెరువు లేదు, హంసల్లేవు, ఎండిన మా కొండ, కొండమ్మ గుండు, ఆ మోదుగ. అంతే వేశాను. నెత్తిన పెద్దాయన తండ్రిగారి పేరు అడిగినట్టే రాసి, కింది మూలన ఒక రాయి గీసి దాని మీద జాజుతో నా పేరు, ఊరి పేరు రాశాను.

శివరాత్రి మధ్యాహ్నం తెర కట్టి దించారు. ఊరంతా పోగైంది. పెద్దాయన చూసి చూసి, "యాడుండాది చెరువు? హంసలు యాడబోయినాయి? దినామూ జూస్తాండే బోడి కొండను మళ్ళా గుడ్డ మీద జూడాల్నా మేము?" అని కేకలు వేసి, విప్పి పడేయమన్నాడు. నాటకం వాళ్ళు తాళ్ళు పట్టుకున్నారు. పేరు మాట దేవుడెరుగు, నా తెరే పోయేట్టుంది.

అప్పుడు పెద్దాయన వాళ్ళమ్మ లేచింది. తుంటి విరిగి ఎన్నో ఏళ్ళుగా కొండెక్కలేని మనిషి, నాటకం చూడాలని మంచం వేయించుకుని ముందే వచ్చి కూచుంది. ఇద్దరి భుజాలు పట్టుకుని తెర దగ్గరికి వచ్చి, గుండు దగ్గర నిలబడి, చాలాసేపు చూసి, కళ్ళనీళ్ళు కారిపోతుండగా అంది: "నేను పోలేకపోతినని ఆయమ్మే నా కాడికి దిగొచ్చినాది గదరా!" రొంటిని ఉన్న పసుపు తీసి, చెంబునీళ్ళతో తడిపి, నేను గీసిన గుండుకు నిండుగా పూసేసింది. ఎవరో కర్పూరం వెలిగించారు, ఎవరో టెంకాయ కొట్టారు. ముసలివాళ్ళు, బాలింతలు, కొండెక్కలేని వాళ్ళంతా వరస కట్టారు. నేను పచ్చిరంగు అంటుతుందని అరవబోయి నోరు మూసుకున్నాను.

పూజ జరిగిన తెరను ఎవరు విప్పుతారు? విప్పడం అటుంచి, సీను మార్చడానికి పైకి కూడా చుట్టకూడదన్నారు, అమ్మవారిని చాపలాగా చుడతారా అని. దాంతో ఆ ఏడు రాజదర్బారూ ఆ అడివిలోనే, అంతఃపురమూ అడివిలోనే, యుద్ధమూ అడివిలోనే. సింహాసనం వెనక మోదుగ చెట్టు పెట్టుకుని రాజుగారు పద్యాలు పాడాడు.

అయితే నాటకం మొదలుకాక ముందే ఇంకొకటి జరిగింది. తెర విప్పించే పంతం ఓడిపోయిన పెద్దాయన కంట మూలనున్న నా పేరు పడింది. అదొక్కటన్నా తుడిపించాలని, తడిగుడ్డ తెప్పించి మా ఆయన చేతిలో పెట్టి, అయ్యవారూ తుడవండి అన్నాడు. ఊరంతా చూస్తోంది. మా ఆయన గుడ్డ పట్టుకుని నడిచాడు. నేను మూలకు అడ్డంగా నిలబడి, పసుపు పెట్టిన తెర, తుడిచేవాళ్ళు ముందుకు రండి అన్నాను. ఆయన నా మొహం చూశాడు, రాయి మీది పేరు చూశాడు, చూసి, ఆ తడిగుడ్డతో తన మొహం తుడుచుకుని, మడిచి భుజాన వేసుకుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆయనతో కాపురం చేసినన్నాళ్ళలో ఆ రోజు ముద్దొచ్చినంతగా ఆయన ఇంకెప్పుడూ ముద్దు రాలేదు నాకు.

పెద్దాయన ఇంకేదో అనబోయేసరికి, ఆడ ఏముండాదిరా అని వాళ్ళమ్మ అడిగింది. అయ్యవారి భార్య పేరని చెప్పారు. ఆమె తెర నెత్తిన పెద్దక్షరాల్లో ఉన్న భర్త పేరు వైపు వేలు చూపించి, "మీ నాయన పేరు పైనుండాది. నా పేరు యాడా రాయకపోతిరి. గీసిన బిడ్డ పేరన్నా ఉండనీరా!" అంది. అంతే. ఆ పేరు అక్కడే ఉంది, చెదలు తినేదాకా.

ఇప్పుడా కొండ మీదికి నేరుగా కారే పోతుంది. కొండమ్మ గుండుకు టైల్స్ వేసి గుడి కట్టారు, బయట గ్రానైటు పలక మీద దాతల పేర్లున్నాయి, అన్నీ మగవాళ్ళవే, అది మాత్రం ఏమీ మారలేదు. మోదుగ లేదు, సగం కొండను కంకరకు తవ్వేశారు. వాగు ఎండిపోయింది, మా అత్తా లేదు, మా ఆయనా లేడు. నిండుగా ఉన్న ఆ కొండ ఇప్పుడు ఆ ముతక గుడ్డ మీద ఒక్కచోటే ఉంది. అయినా ఏడుస్తూ కూచునే రకం కాదు నేను.

మనవరాలిని అడిగింది పెన్ను. ఎందుకని కూడా అడగకుండా ఇచ్చింది, మా అత్త పోలికే అది. అట్టముక్క మీద మరకలు అన్నచోట కొట్టేసి పసుపు అని రాశాను. తెలియదు అన్నది కొట్టేసి నా పేరు రాశాను, దాని కింద గుడ్డ కుట్టిన మా అత్త పేరు రాశాను. పసుపు పెట్టినామె పేరు కూడా రాద్దామంటే, ఊళ్ళో అందరూ పెద్దమ్మా అనే పిలిచారు తప్ప ఇంకో పేరు నాకు వినబడలేదు, అందుకని పెద్దమ్మ అనే రాశాను. కాపలా కుర్రవాడు పరుగెత్తుకొచ్చి, ఈడ రాయగూడదు జేజీ అన్నాడు. మీరు తెలియదని రాసినారు, తెలిసినామె వచ్చి దిద్దింది, తప్పేముండాదప్పా అన్నాను.

ఇంతకీ నా పేరేమిటని అడుగుతారేమో. ఇక్కడ చెప్పను, అక్కడికే పోయి చదువుకోండి. ఒకవేళ ఆ అట్ట మార్చేసి ఉంటే నాకొక మాట చేరవేయండి. మోకాళ్ళదేముంది, అవి ఎప్పుడూ నొచ్చేవే, మళ్ళీ పోతాను. పెన్ను ఇంకా నా సంచిలోనే ఉంది.