జెండా కర్ర పీకిన మా అన్న

పోయిన మంగళవారం పొద్దున వదిన ఫోన్ చేసింది. "మీ అన్న పోయిండు చెల్లె, నిద్రలనే" అంది. ఆయన నా తోడబుట్టిన అన్న కాదు. పటాన్‌చెరులో మేం పనిచేసిన మందుల ఫ్యాక్టరీకి యూనియన్ సెక్రటరీ. ప్యాకింగ్ సెక్షన్‌లోని ఆడవాళ్ళం నలభై మందిమీ ఆయన్ని అన్న అనే పిలిచేవాళ్ళం. ఆయన గురించి రాయడానికి నాకున్న అర్హత తక్కువ. ఎనిమిదేళ్ళు ఆయనతో మాట్లాడని మనిషిని నేను.

నేను పనిలో చేరిన ఎనభైలలో మా జ్వరం గోళీలు దాదాపు అన్నీ రష్యాకే పోయేవి. అట్టపెట్టెల మీద రష్యన్ అక్షరాలుండేవి. ఏది పైకో ఏది కిందికో తెలియక లేబుళ్ళు తలకిందులుగా అతికించి సూపర్‌వైజర్‌తో తిట్లు తినేవాళ్ళం. అన్న ఎక్కడో ఒక పుస్తకం సంపాదించి, ఆ అక్షరాలు నేర్చుకుని, అన్నాల వేళ మాకు చెప్పాడు. "గిది సూస్తే ఇంగ్లీషు పీ లెక్క ఉంటది, పలికితే ర. కనవడేదొకటి, పలికేదొకటి. రాజకీయం గూడ గంతే." మాలో కొందరికి తెలుగు చదవడం రాకముందే రష్యన్ లేబుల్ చదవడం వచ్చింది.

తినగానే పేపర్ చదివి వినిపించేవాడు. ముందు విదేశాల వార్తలు. అమెరికా ఎక్కడ ఆయుధాలు దించిందో, రష్యా అఫ్ఘనిస్తాన్‌లో ఎట్లా ఇరుక్కుందో చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, పప్పు నీళ్ళలా ఉందని క్యాంటీన్ వాళ్ళతో పోట్లాడటానికి లేచేవాడు. రెండూ ఆయనకు ఒకే పని.

గేటు ముందు ఎర్రజెండా ఎత్తిన కొత్తలో మఫ్టీలో ఒక పోలీసు వచ్చి, రష్యా నుంచి ఉత్తరాలు వస్తాయటగా అని అడిగాడు.

"నాకు మా చెల్లె ఉత్తరమే రాదు సార్. రష్యాకు రాసేది మా సేటు. కావాల్నంటే గా లారీ ఆపి సూడుండ్రి" అన్నాడు అన్న. పోలీసు నవ్వి, టీ తాగి వెళ్ళాడు. అయినా ఏడాదికి రెండుసార్లు వచ్చి ఆరా తీస్తూనే ఉండేవాడు.

సోవియట్ యూనియన్ కూలిపోయిన వార్త మాత్రం అన్న చదవలేదు. పేపర్ మడిచి, "మీరే సూసుకోండ్రి" అన్నాడు. ఆర్డర్లు ఆగిపోయాయి. మూడు షిఫ్టులు ఒకటయ్యాయి. పంపాల్సిన పెట్టెలు గోదాం నిండా పేరుకుపోయాయి. మేం వచ్చి, సంతకం పెట్టి, ఊరికే కూర్చుని వెళ్ళేవాళ్ళం. అప్పుడన్నాడు: "పెద్దోళ్ళు ఇద్దరు కొట్లాడుకున్నన్ని దినాలు నడుమ మనకింత పని దొరికింది. ఒకడు పడిపోయిండు. వానితోని మనం గూడ."

ఏడాది దాటాక, ఒక అమెరికా కంపెనీ మా గోళీలు కొంటుందని, వాళ్ళ మనుషులు చూడటానికి వస్తారని విన్నాం. గోడలకు రంగు వేశారు. మేనేజర్ అన్నను తన గదికి పిలిపించాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. మర్నాడు మధ్యాహ్నం షిఫ్టు అయ్యే వేళకు అన్న గడ్డపార పట్టుకొచ్చి జెండా కర్ర చుట్టూ తవ్వడం మొదలుపెట్టాడు. సిమెంటు దిమ్మ గట్టిది, చాలాసేపు పట్టింది. ఒక్కరూ సాయం పోలేదు. కర్ర ఒరిగాక జెండా విప్పి, మడిచి, చంకలో పెట్టుకున్నాడు.

"అమ్ముడువోయినవా అన్నా?" అన్నాను నేను, అందరి ముందూ.

ఆయన ముఖం నిండా చెమట. "కోపం నా మీద ఉంచుకో చెల్లె. డ్యూటీ మాత్రం ఇడువకు" అన్నాడు. ఆ రోజే రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయాడు.

ముత్తంగి దగ్గర లారీలు తూచే కాంటా మీద పనికి కుదిరాడని తెలిసింది. బస్సులో పోతూ రెండుమూడుసార్లు చూశాను. చూసి తల తిప్పుకున్నాను.

ఎనిమిదేళ్ళకు నిజం చెప్పింది మా ఆఫీసు గుమాస్తా, తను రిటైరైన రోజు. కొనేవాళ్ళ కంట ఎర్రజెండా పడకూడదు, సెక్రటరీ ఉండకూడదు, కాదంటే ప్యాకింగ్ వాళ్ళందరినీ తీసేసి కాంట్రాక్టు మనుషుల్ని పెట్టుకుంటామని మేనేజర్ అన్నాడట. మా నలభై మందినీ పర్మనెంట్ చేస్తున్నట్టు పేరుపేరునా రాసిస్తే తాను పోతానని అన్న ఒప్పుకున్నాడట. మేం పర్మనెంట్ అయింది అమెరికా ఆర్డరు పుణ్యమేనని అన్నాళ్ళూ అనుకున్నాం. "ఆ కాగితం టైపు చేసింది నేనే. నీ పేరు మూడోది" అన్నాడు గుమాస్తా.

మర్నాడే ముత్తంగి వెళ్ళాను. అన్న తల పూర్తిగా నెరిసింది. స్టూలు జరిపి కూర్చోమన్నాడు.

"ఎందుకు చెప్పలే అన్నా?"

"చెప్తే మీరు పని బంద్ పెడుదురు. నన్ను పోనియ్యకపోదురు. అందరం రోడ్డు మీద పడుదుము."

"గిన్నేండ్లు ఊకెనే మాటలు పడితివి."

"పడ్డ. బాగనే పడ్డ" అని లేచి, ఒక డ్రైవర్‌కు తూకం చీటీ ఇచ్చి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

అయితే అమెరికానే గెలిచినట్టా అని అడిగాను.

"గెలిచినోడు మన గేటు కాడికి రాలే. ఓడినోడు గూడ రాలే. ఆడ నిలవడ్డది మనమే. అలిసిపోయిన చెల్లె, ఇగ గా ముచ్చట తియ్యకు."

మళ్ళీ తీయలేదు. క్షమించమని కూడా సరిగా అడగలేకపోయాను. అప్పుడప్పుడూ వాళ్ళింటికి పోయి వదిన చేతి టీ తాగి వచ్చేదాన్ని. నేను రిటైరయ్యేదాకా ఆయన అడిగింది ఒకటే: "ప్యాకింగ్ లైను నడుస్తున్నదా?" నడుస్తున్నదంటే, "అయితే మంచిగనే" అనేవాడు.

మంగళవారం నేను చేరేసరికి అన్నను వాకిట్లో పడుకోబెట్టారు. ఎండ ముదురుతోంది, ఎత్తుదామన్నారు బంధువులు. వదిన ఒప్పుకోలేదు. "రెండింటికి షిఫ్టు ఇడుస్తరు. ఆళ్ళు వచ్చేదాక ఆగుండ్రి" అంది.

రెండున్నరకు ఫ్యాక్టరీ బస్సు గల్లీ మొదట్లో ఆగింది. మా నలభై మందిలో ఇంకా పనిలో ఉన్నవాళ్ళు దిగి, నడిచి వచ్చారు. ఒక్కొక్కరే వంగి ఆయన కాళ్ళకు మొక్కి లేచారు. పొద్దుటి నుంచి ప్యాకింగ్‌లో జుట్టుకు పెట్టుకున్న టోపీల ఎలాస్టిక్ గీతలు వాళ్ళ నుదుళ్ళ మీద ఇంకా ఎర్రగా ఉన్నాయి.