మరచెంబు నీళ్లు

ఇవాళ కుళాయి నీళ్లు పట్టుకుంటే గ్లాసులోంచి తుప్పు వాసన వచ్చింది. తాగబోయి ఆగిపోయాను.

అప్పుడు నాకు ఆరేళ్లు. నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నెల్లాళ్లుగా మా పేట కుళాయిలో మురుగు కంపుతో ఎర్రటి నీళ్లు వస్తున్నాయి. తమ్ముడు మూడు రోజులుగా జ్వరంతో, వాంతులతో పడి ఉన్నాడు. జనం మొరలు వింటామని మున్సిపాలిటీ వాళ్లు బడి హాల్లో మీటింగు పెడితే, అమ్మ మరచెంబు నిండా ఆ నీళ్లే పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది.

తన వంతు రాగానే గ్లాసులో పోసి, బల్ల వెనకున్న పెద్దాయనకు అందించింది. హిందీలో మొదలుపెట్టి తెలుగులోకి జారిపోయింది.

"దాదా, ఒక్క గుక్క తాగి సూడండి. మా పిల్లలు తాగుతున్నవి ఇయ్యే. ఇంటికాడ నా కొడుకు సచ్చిపోతన్నాడు."

ఆయన అందుకోలేదు. అమ్మ గ్లాసు చాచి అలాగే నిలబడింది. ఎవరైనా మంచినీళ్లిస్తే వద్దనకూడదనీ, ఇచ్చినవాళ్లకి చిన్నతనమనీ మా ఇంట్లో నేర్పారు. అంతమందిలో అమ్మకి అవమానమైపోతోందనుకుని, గ్లాసు లాక్కుని గటగటా తాగేశాను.

"దేఖో దీదీ, బచ్చీ పీ గయీ. పానీ ఠీక్ హై," పాపే తాగేసింది, నీళ్లు బాగానే ఉన్నాయని నవ్వి, ఆయన తర్వాతి వాళ్లను పిలిచాడు.

"ఏటి సేసినావే తల్లీ..." అంది అమ్మ. కొట్టలేదు.

గోల్‌బజార్ మీదుగా నడిచి వస్తూ నాలుగడుగులకోసారి ఆగి నా నుదురు, మెడ తడిమింది. ముద్దు చేస్తోందనుకుని మురిసిపోయాను. అమ్మ వెతుకుతున్నది జ్వరం కోసమని నాకు పిల్లలు పుట్టాక గాని తెలియలేదు.